పంటి సాక్ష్యం

సుంకన్న వాళ్ళ జొన్నల పాతర దగ్గర పులిసిన వాసన వస్తోందని రామసుబ్బమ్మ అందట. అన్నది కూడా ఎక్కడో మూలన కాదు, బావి గట్టు మీద, నలుగురు ఆడవాళ్ళూ వినేట్టు. తాను చెవులారా వినలేదనీ, విన్న తోడికోడలు వచ్చి చెప్పిందనీ, ఆ తోడికోడలి మాటలో రూపాయికి పావలా అబద్ధం ఉంటుందనీ పై వీధి భీమక్క ముందే చెప్పుకుంది. చెప్పుకున్నాక మిగిలిన ముప్పావలా తెచ్చి సుంకన్న పెళ్ళాం ఉరుకుందమ్మ ఒళ్ళో కుమ్మరించింది.

"పొద్దున్నే పేడతట్ట ఎత్తుకోని మీ వాకిట్లో నుంచి పోయిందంట. పాతర మూత కాడికి వచ్చేసరికి కొంగుతో ముక్కు మూసుకునిందంట. 'పైన చూస్తే పెద్దిల్లు, కింద చూస్తే కల్లుకుండ' అనిందంట. ఆయమ్మ నోరు నీకు తెల్దా వదినా? నేనైతే నమ్మలే. నీ చెవిలో ఒక మాట ఏసిపోదామని వస్తి."

ఉరుకుందమ్మ కొర్రలు చెరుగుతోంది. చేట ఆగలేదు. "పైన బండ, బండ మీద మూరెడు మన్ను. వాసన యాడనుంచి వస్తాది? పేడతట్ట ఎత్తుకుంది గదా, అదే వచ్చింటాది" అంది. భీమక్క పగలబడి నవ్వింది. నవ్వి, గుప్పెడు చింతపండు అడిగి పుచ్చుకుని, కొంగున ముడి వేసుకుని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి ఉరుకుందమ్మ చేట కింద పెట్టింది. వాకిట్లోకి వచ్చి, పాతర మూత ఉన్నచోట, కాలిలో ముల్లు విరిగినదానిలా కూలబడింది. పాదం పట్టుకుని వంగి, ఇంకా వంగి, ముక్కు నేలకు జానెడు దూరంలోకి తెచ్చింది. ఎండకు కాగిన మట్టి వాసన. కళ్ళాపి వాసన. వాటి వెనకాల ఇంకేదైనా ఉందా? ఒకసారి ఉన్నట్టే అనిపించింది. రెండోసారి పీలిస్తే లేదు. మూడోసారి పీల్చేసరికి తన చెమట వాసన తనకే వచ్చింది.

రామసుబ్బమ్మ మాటలు ఆ ఊళ్ళో ఎవరూ లెక్క చేయరు. కాని ఈ ఒక్క మాట నిజం కావడానికి కారణం ఒకటుంది. అది రెండేళ్ళుగా ఉరుకుందమ్మకు ఒక్కదానికే తెలుసు.

ఆ ఊరికి అంగడి లేదు. ఉప్పుగల్లు కావాలన్నా ఆదోనికి పోవాల్సిందే, పద్దెనిమిది మైళ్ళు. దారంతా నల్లరేగడి. వాన పడితే బండి ఇరుసు దాకా దిగబడుతుంది. వాన లేకపోతే ఎద్దులకు తాగను దారిలో చెమ్మ దొరకదు. అందుకని ఏడాదికి రెండుసార్లు బండి పోయి ఉప్పు, బెల్లం, కిరసనాయిలు, కట్టుకోను గుడ్డ తెస్తుంది. తక్కినదానికంతా ఇల్లే అంగడి, ఇల్లాలే సావుకారి. ఉరుకుందమ్మ వంటింట్లో మూడు గోడలకూ కుండల దొంతులు. ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టిన కందులు ఒక దొంతి. గింజ తీసి, ఉప్పు చల్లి, పిడికిలితో తొక్కి పెట్టిన చింతపండు రెండు కుండలు. తొడిమలు ఊడకుండా పేర్చిన మిరపకాయలు, వేపాకు వేసిన అలసందలు, బూడిద కలిపిన ఆముదాలు. కళ్ళకు గంతలు కట్టినా, ఏ కుండలో ఏముందో, ఎంతవరకు ఉందో, వేలితో కొట్టి చెప్పగలదు.

ఇవన్నీ రొట్టె పక్కన ఉండేవి. రొట్టె మాత్రం జొన్నలోనే ఉంది. రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. నిరుడు పండిన నాలుగు గింజలు గాదెలో పోశారు. ఉగాదికి గాదెలో చేయి పెడితే జొన్నలు అందేవి. ఇప్పుడు నడుం దాకా లోపలికి వంగి, కాళ్ళు నేల విడిస్తే గాని శేరు నిండడం లేదు. పొద్దుకు ఇన్ని రొట్టెలని లెక్క పెట్టి తడుతోంది. తనకు మాత్రం లెక్కలో లేని కొర్రగంజి. పక్క ఊళ్ళో సర్కారు వాళ్ళు గంజి పోస్తున్నారని విని, చుట్టుపక్కల ఇళ్ళలో వాళ్ళు ముంతలు పట్టుకుని పోతున్నారు. సుంకన్న ఇంట్లో ఆ ముంత ఇంకా లేవలేదు. కారణం పాతర.

పాతర అంటే నేలలో తవ్విన పెద్ద కుండ అనుకోవాలి. మూతి మనిషి దిగేంత, కడుపు గదంత. సుంకన్న తండ్రి తవ్వించాడు. లోపల కంప వేసి కాల్చి, చెమ్మంతా ఇగిరిపోయాక గోడలకు చొప్ప పేర్చి, జొన్నలు పోసి, మూతికి బండ పెట్టి మన్ను మెత్తుతారు. గాలి చొరకుంటే గింజ నాలుగేళ్ళయినా నిన్న కోసినట్టుంటుంది. మూత తీశారంటే మాత్రం ఆ పొద్దుకే అడుగంటా ఎత్తేయాలి. గాలి తగిలించి మళ్ళీ మూసిన పాతర పురుగుకు పుట్టిల్లు. అందుకే ఒకసారి చూసి మూద్దామని ఎవరూ తీయరు. ఉందన్న నమ్మకంతో దాని మీద నడుస్తూ బతకడమే.

ఆ నమ్మకానికి కూడా ఒక పద్ధతి ఉంది. పాతర పోసే పొద్దు, మూట విప్పగానే, యజమాని గుప్పెడు గింజలు తీసి ఇంటి ఆడమనిషి ముందు చేయి చాపుతాడు. ఆమె ఒక గింజ నోట్లో వేసుకుని దవడపంటితో కొరుకుతుంది. టక్కుమంటే ఆరినట్టు. "దించు" అంటుంది. పంటి కింద మెదిగితే "ఎండల్ల" అంటుంది. అప్పుడు మగవాడు ఎంత మొనగాడైనా ఆ మూట కళ్ళానికి మోసుకుపోయి మళ్ళీ పరవాల్సిందే. నలభై ఏళ్ళు ఆ పెత్తనం అత్త మహాదేవమ్మది. రెండేళ్ళ కిందట ఆమెకు మిగిలిన ఒక్క దవడపన్నూ రొట్టెముక్కతో పాటు ఊడి వచ్చింది. దాన్ని చూరు మీదికి విసిరేసి, "ఇంగ నీ పంటిదే పెత్తనం పోమ్మే" అంది కోడలితో.

పెత్తనం వచ్చిన నెలకే ఉరుకుందమ్మకు కుడి దవడ వాచింది.

ఆ పొద్దు ఆమెకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. మాఘమాసంలో ఎన్నడూ లేని మబ్బు. ఈదురుగాలికి కళ్ళంలో పొట్టు లేచి ఊరంతా కమ్మింది. వాగు ఒడ్డునున్న వంక చేని జొన్నలు తొమ్మిది మూటలు ముందుగా వాకిట్లోకి వచ్చాయి. వాటికి రెండెండలు కూడా తగల్లేదు. వెనక మెట్ట చేనివి పన్నెండు మూటలు, వారం రోజులు గలగలా ఎండినవి. ఉరుకుందమ్మ చెంపకు గుడ్డ కట్టుకుని, పంటి కింద లవంగం నొక్కిపెట్టి నిలబడింది. గాలి పీల్చినా నరం లాగుతోంది. మీద చినుకులు రాలుతున్నాయి. పదిమంది మనుషులు మూటలు భుజాన పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. సుంకన్న గింజలు చాపాడు. "ఏం, దించమంటావా? తొందరగా చెప్పు, వానొచ్చె." ఆమె గింజ నోట్లో వేసుకుంది. కొరకలేదు. నాలుక మీద అటు నుంచి ఇటు తిప్పి, పక్కకు ఉమ్మి, "దించు" అంది. అట్లా తొమ్మిదిసార్లు.

పదో మూట దగ్గర ఆమెకే సిగ్గేసింది. ఎడమవైపు పెట్టి కొరికింది. ప్రాణం నడినెత్తికి పోయింది గాని గింజ టక్కుమంది. అవి మెట్ట చేనివి. అప్పటికి వంక చేనివన్నీ అడుగుకు చేరాయి.

నాలుక మీద తిప్పినప్పుడు ఆ గింజ మెత్తగా తగిలిందా? తగిలినట్టే ఉంది. లేదు, నోట్లో లవంగం ఊట ఉంది కదా, దానికి తడిసి ఉంటుంది. రెండేళ్ళలో ఈ మాట ఆమె తనలో తాను ఎన్నిసార్లు తిప్పుకుందో లెక్క లేదు. ఆ పన్నును మరుసటి నెల ఆదోని సంతలో పీకించుకుంది. సాక్షి పోయింది గాని మాట పోలేదు.

వానలు బాగుంటే ఆ మాట అట్లాగే మట్టిలో కలిసిపోయేదేమో. ఈ మంగళవారం నాడు ఎద్దుల బేరగాడు బసవరాజు ఊళ్ళోకి దిగాడు. తుంగభద్ర డ్యాము కాలువల దగ్గర బండ్లకు ఎద్దులు కావాలని ఊరూరా తిరిగి కొంటున్నాడు. మేత లేక ఇళ్ళ మీది బోదగడ్డి పీకి ఎద్దులకు వేస్తున్న జనం ఎగబడి అమ్ముకుంటున్నారు. బసవరాజు కన్ను మాత్రం సుంకన్న జత మీద పడింది. బుధవారం పొద్దున వచ్చి కొట్టం ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సుంకన్నా, నీ ఎద్దులకు ఇంకా మూపురాలు నిలబడుకోని ఉండాయి. ఇంగ రెండు నెలలు పోనీ, నేను గాదు, కసాయోడు గూడా మొహం తిప్పుకుంటాడు. దుడ్లు వద్దంటావా? వద్దులే. ఆదోనిలో మా అన్నది మండీ ఉండాది. జొన్నలే కొలిపిస్తా, పదారు మూటలు. నీ బండికే ఎత్తించి, నా మనుషులతో ఇంటికి తోలిస్తా."

"జొన్నలు నాకు యాలప్పా?" సుంకన్న మీసం దువ్వుకున్నాడు. "నా వాకిలి కింద ఇరవై ఒక్క మూట నిద్రపోతాండాది."

"నిద్రపోతాందో, సచ్చిపోయిందో ఎవురు చూసినారు?"

"మా ఇంటామె పంటితో కొరికి దించింది. ఇంగ ఎవురు చూడాల?"

బసవరాజు నవ్వి, బీడీ ముట్టించుకున్నాడు. "సరేలే. శుక్కురారం పొద్దున్నే పోతాండా. మళ్ళా ఈ ఎండాకాలంలో ఇటు రాను. మనకు వేరే రాష్ట్రం వస్తాదంట, విన్నావా?"

"వస్తే వానలొస్తాయా?"

"రాజులొస్తారు."

"వాళ్ళు తినేది జొన్నలే గదా. ఇంగా పిరమవుతాయి, మనం కొనల్యాము."

తలుపు వెనక నిలబడి ఉరుకుందమ్మ ఈ మాటలన్నీ వింది. పాతర చెడి ఉంటే, ఆ పదహారు మూటలు ఇంటికి రావాల్సింది శుక్రవారం లోపలే. ఆ తర్వాత ఎద్దులు ఎముకల గూడు. బండి కదలదు. అంగడి పద్దెనిమిది మైళ్ళు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, పండ్లు లేని ముసలామె, గంజి ముంత పట్టుకుని పక్క ఊరికి పోవడం చేతకాని మగవాడు.

బేస్తవారం పొద్దున అత్తాకోడళ్ళు విసుర్రాయి ముందు ఎదురెదురుగా కూర్చున్నారు. పిల్లలు పుల్లలకు పోయారు. సుంకన్న ఎద్దులను నీళ్ళకు తోలుకుపోయాడు.

"అత్తా, ఒక మాట."

"చెప్పు. నీ మాటకు రాయి ఆగల్లనా ఏం?"

"ఆగల్ల."

మహాదేవమ్మ పిడి వదిలి కోడలి మొహంలోకి చూసింది.

"పాతర పోసిన పొద్దు నేను కొరకలే."

"ఏం కొరకలే?"

"గింజ. వంక చేని మూటలు తొమ్మిది. దవడ వాచిండె గదా. నోట్లో ఏసుకోని ఉమ్మేస్తి. దించు అంటి."

ముసలామె నవ్వింది. చిగుళ్ళు రెండూ కనబడేట్టు నవ్వింది. "ఇదేనా? ఇంకా ఏం కొంప మునిగిందో అనుకుంటి. నేను నలభై ఏండ్లు అన్నీ కొరికినా అనుకుంటాండావా నువ్వు? నీ మొగుడు కడుపులో ఉన్నేడు జొన్నల వాసనకే డోకొస్తాండె. ఒక్కటన్నా నోట్లో పెట్టలే. మీ మామకు కనపడకుండా కొంగులో ఏసుకుంటా, దించు దించు అంటి. ఏమాయ? మూడేండ్లకు తీస్తే బంగారమట్ల ఉండె."

"ఆ ఏడు మబ్బొచ్చిండెనా అత్తా? రెండెండలకే దించినారా?"

చిగుళ్ళు మూతబడ్డాయి.

"ఆయనతో చెప్తా" అంది ఉరుకుందమ్మ. "బసవరాజు రేపు పోతాడు. ఈ పొద్దే పాతర తీసి చూసుకుంటే..."

"చెప్పు. బాగా చెప్పు." మహాదేవమ్మ గొంతు తగ్గించింది. "తీయాలంటే మనుషులు, మూటలు, దానికి ఒక దినం. అంతలోపల బేరగాడు ఆగుతాడా? తీయకుండానే అమ్మేస్తాడు నీ మొగుడు, భయానికి. అమ్మినాక తీస్తే జొన్నలు బాగుండె అనుకో. రేపు వానొచ్చిన పొద్దు నాగలికి ఎవురు మెడ పెడతారు? నువ్వా, నేనా? ఆ ఎద్దులు మా అన్న ఇచ్చిన దూడల సంతతి." ఒక గుప్పెడు జొన్నలు రాయి నోట్లో పోసింది. సగం బయట పడ్డాయి. "ఇంగొకటి గూడా విను. ఈ ఇంట్లో మన మాట సాగే తావు ఆ ఒక్కటే. ఆ పొద్దు ఒక్కపొద్దే మగోళ్ళు మూట భుజాన పెట్టుకోని ఆడదాని నోరు ఎప్పుడు తెరుచుకుంటాదా అని నిలబడేది. పంటిమాట అబద్ధమని తెలిస్తే మళ్ళా నీ నోటికి ఎవురూ గింజ పట్టరు. నీ కూతుర్లకూ పట్టరు."

"గింజలే ల్యాకపోతే ఏం పడతారత్తా?"

"అది మీ మామ తవ్విన పాతర. ఎప్పుడూ మోసం చెయ్యలే. నోరు మూసుకోని ఇసురు."

రాయి తిరిగింది.

సాయంకాలం సుంకన్న రొట్టె తింటున్నప్పుడు ఉరుకుందమ్మ ఇంకోసారి ప్రయత్నం చేసింది. ఊరిబిండి పచ్చడి వడ్డిస్తూ, తల ఎత్తకుండా, "పాతర ఒకసారి తీసి చూస్తే బాగుంటాదేమో" అంది.

"యాల? గాదెలో అయిపోయినాయా?"

"ఇంగా ఉండాయి. ఆ రామసుబ్బమ్మ ఏందో వాసనంటాందంట..."

"రామసుబ్బమ్మ ముక్కుకు భయపడి ఇరవై ఒక్క మూటలు ఎత్తి యాడ పోసేది? నీ కొంగులోనా?"

"అది గాదు. ఆ బేరగాడు గూడా పోతాండాడు గదా, అందుకని..."

గోడ మూలనుంచి మహాదేవమ్మ దగ్గింది. "వాన్ని ఒక్క రొట్టె నెమ్మదిగా తిననీమ్మే."

సుంకన్న పెళ్ళాం వైపు చూశాడు. కోపంగా కాదు. ఎప్పుడో గాని అట్లా చూడడు. "నువ్వు కొరికినావు. దించమన్నావు. నేను దించినా. ఇంగ నాకేం భయం?" అని, పళ్ళెంలో చివరి ముక్కతో ఊరిబిండి తుడుచుకుని తిన్నాడు.

అతను తిట్టి ఉంటే ఉరుకుందమ్మ చెప్పేసేది. వంటింట్లోకి పోయి, పని ఉన్నదానిలా, దొంతులు ఒక్కొక్కటే వేలితో కొట్టి చూసుకుంది. కందులు ఆషాఢం దాకా. అలసందలు నెల. చింతపండు ఏడాదికి కూడా సరిపోతుంది. చింతపండు తిని బతకగలిగితే ఎంత బాగుండు.

శుక్రవారం పొద్దున ఊరంతా గంటల చప్పుడు. కొన్న ఎద్దులన్నిటినీ వరుసగా కట్టుకుని బసవరాజు మనుషులు బయలుదేరారు. సుంకన్న వాకిలి ముందు బసవరాజు ఆగాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది.

"కొంచెం నీళ్ళు పోయమ్మా."

ఉరుకుందమ్మ చెంబు తెచ్చి దోసిట్లో పోసింది. తాగి, మూతి తుడుచుకుని, "నీ మొగుడు మొండోడు. నువ్వన్నా చెప్పరాదా? ఇంగా పొద్దు మించిపోలే. ఊరు దాటేదాకా నాది అదే మాట, పదారు మూటలు" అన్నాడు.

సుంకన్న ఎద్దుల దగ్గర నిలబడి వాటి గంగడోలు నిమురుతున్నాడు. గడపలో మహాదేవమ్మ నిలబడి ఉంది. కోడలిని చూడడం లేదు. పాతర మూత వైపు చూస్తోంది. ఉరుకుందమ్మ నోరు తెరిచింది. నాలుక మీద ఏదో గింజ ఉన్నట్టే అనిపించింది.

"ఇంగ కొన్ని నీళ్ళు పోయమంటావా అన్నా?" అంది.

"చాలమ్మా" అని బసవరాజు కర్ర తీసుకున్నాడు. దుమ్ము చాలాసేపు కనబడింది. గంటల చప్పుడు దానికంటే ముందే ఆగిపోయింది.

ఆ వాసన మాట మాత్రం ఆగలేదు. ఆదివారం సాయంత్రం చావిడి దగ్గర ఎవరో నవ్వుతాలుకు, "సుంకన్నా, మీ పాతరలో కల్లు ఎప్పుడు దించుతాండావప్పా? మాకూ ఒక ముంత పోయి" అన్నారట. ఆ మాటకు సుంకన్న నిలువునా మండిపోయాడు. మొన్నటిదాకా ఎక్కడ పోయాలన్నవాడు ఊళ్ళో ఖాళీ గాదెలు మూడు మాట్లాడుకుని, గోనెసంచులు అడిగి తెచ్చుకుని ఇంటికొచ్చాడు. "రేపు సోమారం తీస్తాండా. అందరినీ రమ్మన్నా, ముక్కులు గూడా తెచ్చుకోండి అన్నా" అన్నాడు.

సోమవారం ఎండ పడేసరికి వాకిట్లో ముప్పైమంది. రామసుబ్బమ్మ ముందు వరసలోనే ఉంది. జీతగాడు మారెన్న మన్ను తవ్వి, గడ్డపారతో బండ పక్కకు దొర్లించాడు. పాతర గాలి మంచిది కాదు, తొందరపడి దిగినవాళ్ళు పైకి రాలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక జాము మూతి తెరిచి పెట్టారు. కంబళి పట్టి లోపలికి గాలి విసిరారు. తాడు కట్టి దీపం దించితే రెండు బారలకే టప్పున ఆరింది. ఇంకో జాము ఆగి మళ్ళీ దించారు. మళ్ళీ ఆరింది.

"ఇంతసేపు యాడా లేదే" అన్నాడు మారెన్న. ఉరుకుందమ్మ కొంగు అంచు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది.

మూడోసారి దీపం నిలబడింది. మారెన్న నడుముకు తాడు కట్టుకుని దిగాడు. మొదటి గంప పైకొచ్చింది. సుంకన్న గుప్పెడు గింజలు తీసి, పద్ధతి ప్రకారం పెళ్ళాం ముందు చేయి చాపాడు. పసుపురంగు మీద సన్నటి మెరుపు. ఆమె ఒకటి తీసుకుని ఎడమ దవడ కింద పెట్టి, కళ్ళు మూసుకుని కొరికింది.

టక్.

పక్కన నిలబడ్డవాళ్ళకు కూడా వినబడింది. "శబాష్" అన్నారెవరో. సుంకన్న రామసుబ్బమ్మ వైపు తిరిగి, "ఏమమ్మా, ముక్కు యాడ పెట్టుకున్నావు?" అన్నాడు. జనం గొల్లుమన్నారు. మొదటి చేట జొన్నలు రామసుబ్బమ్మ ఒళ్ళోనే పోయించాడు. ఆమె కాదనలేదు. గంప వెనక గంప, సంచి వెనక సంచి. మహాదేవమ్మ కోడలి పక్కకు జరిగి, మోచేత్తో పొడిచి, "చూస్తివా?" అంది చెవిలో. ఉరుకుందమ్మ తల ఊపింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఎనిమిది. తొమ్మిది. జొన్నలు బాగుంటే మొక్కులు ఏమేం తీర్చాలో ఒకపక్క అనుకుంటూనే ఇంకోపక్క లెక్కపెడుతోంది. పది. పదకొండు.

పన్నెండో సంచి కుట్టు వేశారు. తర్వాత గంప దిగింది. పైకి రాలేదు.

"ఏందప్పా మారెన్నా?" సుంకన్న మూతి దగ్గర వంగాడు.

"గంప మునగడంల్యా. ఏందో గట్టిగుండాది. పార పంపు."

పార దిగింది. కింద తవ్వుతున్న చప్పుడు. రాయి మీద తవ్వుతున్నట్టు ఒకసారి, పేడలో తవ్వుతున్నట్టు ఒకసారి. గంప కంటే ముందు వాసన పైకి వచ్చింది. ఎవరి కొంగులు వాళ్ళ ముక్కులకు పోయాయి. దాని వెనక మారెన్న దగ్గుతూ తాడు లాగాడు. నలుగురూ పట్టి పైకి గుంజితే, నేల మీద వెల్లకిలా పడి, "గోడలు మొదలు అడుగు దాకా అంతే, సుంకన్నా" అన్నాడు.

వెంట వచ్చిన గంపలో మనిషి తలకాయంత గడ్డ. పైన బూజు, విరిస్తే లోపల నల్లగా, గింజ గింజకు అంటుకుని ఉంది. సుంకన్న దాన్ని చేతుల్లోకి తీసుకుని నలిపాడు. వేళ్ళ సందుల్లోంచి జిగటగా జారింది.

"ఇవి వంక చేనివి" అన్నాడు నెమ్మదిగా. పెళ్ళాం వైపు చూశాడు. "నువ్వు కొరికితివి గదా?"

వాకిట్లో ముప్పైమంది. ఉరుకుందమ్మ నోట్లోంచి కొంగు తీసింది.

"కొరకలే. పన్ను నొస్తాండె. కొరకకనే దించమంటి."

సుంకన్న ఎద్దులు కట్టేసిన కొట్టం వైపు చూశాడు. తర్వాత ఆదోని దారి వైపు చూశాడు. ఆ దారిలో మూడు దినాల కిందటి డెక్కల గుర్తులు కూడా గాలికి చెరిగిపోయి ఉన్నాయి.

అప్పుడు మహాదేవమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "కొంప ముంచితివి గదమ్మే! రెండేండ్లు కడుపులో పెట్టుకోని కూసుంటివా? నోట్లో నాలుక ల్యాకపాయనా నీకు? ఒక్క మాట, మొన్న ఆ బేరగాడు ఉండంగ ఒక్క మాట ఇంట్లో చెప్పింటే, ఎద్దులన్నా అమ్ముకోని బతికిందుము గదే. యాల చెప్పలేదు?"

ఉరుకుందమ్మ అత్త మొహంలోకి చూసింది.

"చెప్పినా గదత్తా. బేస్తారం పొద్దున, ఇసుర్రాయి కాడ. నోరు మూసుకోని ఇసరమంటివి."